నిద్ర పరీక్ష

రిటైరైన మర్నాడు డ్రిల్లు మాస్టారు ఎప్పటిలాగే పొద్దున్నే లేచి, తయారై, వరండాలో నిలబడి, ఎవరైనా తప్పు చేస్తారేమోనని చూశారు. ఎవరూ చెయ్యలేదు. పాలు వేళకి వచ్చాయి. పేపరు పడాల్సిన చోటే పడింది. కొడుకు బండి తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఆఫీసుకి వెళ్లిపోయాడు. రెండు చేతులూ పక్కన ఊరికే వేలాడుతున్నాయని మాస్టారికి ఆ రోజే మొదటిసారి తెలిసింది. వాటిని ఏం చెయ్యాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు.

ఆ చేతుల గురించి కాస్త చెప్పుకోవాలి. బళ్లో పిల్లలకి వ్యాయామం నేర్పడం ఆయన ఉద్యోగం. నేర్పింది తక్కువ, సరిచేసింది ఎక్కువ. వంగిన వీపు కనబడితే అరచేత్తో ఒక చరుపు. వంకర వరస కనబడితే చెవి పట్టుకుని లాగుడు. ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్న ఆనాటి పిల్లలు బజార్లో ఎదురైతే ముందు చెవి తడుముకుని, ఆ తర్వాత నమస్కారం పెడతారు. దాన్ని ఆయన గురుభక్తి అనుకుంటారు. మనిషన్నాక ఏదో ఒక సంతోషం ఉండాలి కాబట్టి మనమూ అలాగే అనుకుందాం.

ఇంట్లో కూడా ఆ చేతులు ఖాళీగా లేవు. కొట్టేవారనుకునేరు, అంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు. ఆ మాట పదిమందిలో ఆయనే గొప్పగా చెప్పుకుంటారు. పడుకున్నవాళ్లని కుదిపి లేపడం, కూర్చున్నవాళ్లని రెక్క పట్టుకుని నిలబెట్టడం, అన్నం తింటున్న కొడుకు వెన్నులో పొడిచి నిటారుగా కూర్చోబెట్టడం, ఇంతే. ఆయన గదిలోకి వస్తున్నారంటే అందరి వీపులూ వాటంతటవే సర్దుకునేవి.

ఉద్యోగం అయిపోయాక ఈ సేవలన్నీ ఇంటివాళ్లకే పూర్తిగా దక్కడం మొదలైంది. భార్య అంట్లు తోముతుంటే మోచెయ్యి ఏ కోణంలో ఉండాలో చెప్పారు. కోడలు ఫోన్ మాట్లాడుతుంటే మెడ వంచకూడదన్నారు. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని, ఈయనకి ఏదైనా పని దొరికితే బాగుండునని మనసులోనే మొక్కుకుంది.

పని పార్కులో దొరికింది. పొద్దున నడకకొచ్చే పెద్దమనుషులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికో చిన్న భవనం ఉంది. అందులో బీపీ చూడటానికి ఒక గది, యోగాకి ఒక గది, ఊరికే ఒక గది ఉన్నాయి. ఆ ఊరికే ఉన్న గదిలో మర్దనలాంటిదేదో పెట్టిద్దామని సంఘం అధ్యక్షుడికి ఆలోచన వచ్చింది.

"మీ చేతులు గట్టివి మాస్టారూ. ఆ ఆక్యుప్రెషర్ ఏదో నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోండి, గది మీదే. తలుపు మీద మీ పేరు కూడా రాయిస్తాం" అన్నాడు.

మిగతా మాటలు మాస్టారి చెవిన పడలేదు. తలుపు మీద పేరు! బళ్లో హెడ్మాస్టరుకి పేరు రాసిన తలుపుండేది. లెక్కల మాస్టారికి, ఆఖరికి గుమాస్తాకి కూడా ఉండేది. డ్రిల్లు మాస్టారికిచ్చిన గదిలో గాలి పోయిన బంతులు, చిరిగిన చాపలు ఉండేవి. దాని తలుపు మీద 'సామాన్లు' అని రాసి ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ సామాన్లలో తనూ ఒకణ్ణని ఆయనకి లోలోపల మంట. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఆయనకి కాగితం కాదు, పరువు.

శిక్షణ కేంద్రం ఒక జిరాక్సు షాపు పై అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే ఇంకు వాసన, పైకి వెళ్తే అగరొత్తుల వాసన. గోడ మీద నిలువెత్తు బొమ్మ ఉంది. ఒంటినిండా చుక్కలు, చుక్కచుక్కకీ ఒక అంకె, చుక్కల్ని కలుపుతూ రంగురంగుల గీతలు. ఆ బొమ్మలోని మనిషి ఇదంతా తనకి సంబంధం లేనట్టు ఎటో చూస్తున్నాడు.

కేంద్రం నడిపే ఆవిడని అందరూ మేడమ్ అంటారు. విదేశంలో నేర్చుకొచ్చానని చెబుతుంది. ఎన్నాళ్లు నేర్చుకుందని ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వుతుంది. అందరూ ముందుకి వంగి వినాల్సినంత మెల్లగా మాట్లాడుతుంది. చేతులు మాత్రం నిజంగానే పనిమంతురాలివి, ఆ మాట ఒప్పుకోవాలి. ఆవిడకున్న జబ్బల్లా కళ్ల మీద నమ్మకం. "నేను ముట్టుకోనక్కర్లేదు. గుమ్మంలో నిలబడి చూస్తే చాలు, ఒళ్లు చదివేస్తాను" అంటూ ఉంటుంది. చదివింది తప్పని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో అది నిజంగానే చెలామణీ అయిపోతోంది.

మొదటి రోజు అందరినీ చాపల మీద మోకాళ్లపై కూర్చోబెట్టింది. అక్కడ నేర్పే ఆక్యుప్రెషర్ షియాట్సు అనే జపాను పద్ధతి. దానికి బల్ల ఉండదు, నూనె ఉండదు, బట్టలు విప్పడమూ ఉండదు. పడుకున్న మనిషి ఒకరు, పక్కన మోకాళ్ల మీద ఇంకొకరు, మధ్యలో బొటనవేళ్లు. అంతే సరంజామా.

"నొక్కకండి, వాలండి" అంది మేడమ్. "బలం భుజాల్లోంచి రాకూడదు, పొట్టలోంచి రావాలి. మీ బరువుని మెల్లగా ఎదుటివాళ్ల మీదకి వదలండి. అది కూడా వాళ్లు ఊపిరి వదిలేటప్పుడే."

మాస్టారి బుర్రలోకి ఇందులో 'బలం' అన్న ఒక్క మాటే వెళ్లింది. ఆయనకి జోడీగా పడింది బ్యూటీపార్లర్ నడిపే ఆవిడ. పాపం, మెడనొప్పికి తన ఖాతాదార్లకి నాలుగు పాయింట్లు నొక్కి పేరు తెచ్చుకుందామని వచ్చింది. మాస్టారు ఆవిడ వెన్ను పక్కన బొటనవేలు ఆనించి, చిన్నప్పటి నుంచి తిన్న తిండంతా వేలికొసకి తెచ్చారు. ఆవిడ పెట్టిన కేకకి కింద జిరాక్సు మిషను ఆగిపోయింది.

"ఊపిరి!" అన్నారు మాస్టారు కంగారు పడకుండా. "పీల్చు! వదులు! పీల్చు! ఏయ్, వదలమన్నానా!"

ఆ ఆజ్ఞలకి తగ్గట్టు పీల్చలేక, వదల్లేక ఆవిడకి వెక్కిళ్లు పట్టుకున్నాయి.

మర్నాడు తల్లి చెయ్యి పాఠం. రెండు చేతులూ ఒకేసారి పని చెయ్యకూడదు. ఒకటి ఎక్కడో ఒకచోట, పొట్ట మీదో నడుం మీదో, కదలకుండా ఉండాలి. అది తల్లి చెయ్యి. రెండోది పిల్ల చెయ్యి. అది తిరుగుతుంది, వాలుతుంది, వెతుక్కుంటుంది.

"తల్లి చెయ్యి ఏం చేస్తుంది మేడమ్?" అని అడిగారు మాస్టారు.

"ఏమీ చెయ్యదు. వింటుంది."

"ఊరికే ఉండటానికి చెయ్యెందుకు మేడమ్?"

తరగతంతా నవ్వింది. నిజానికి ఆయన నవ్వించడానికి అడగలేదు. ఒక మనిషి మీద చెయ్యి వేసి, ఏమీ సరిచెయ్యకుండా ఊరుకోవడం ఆయన ఎరగని విద్య. ఎడం చేతిని పార్లరావిడ పొట్ట మీద పెడితే అది ఒక్క క్షణం కూడా నిలవలేదు. తట్టింది, జరిగింది, ఆవిడ చీర మడత సరిచేసింది. మేడమ్ వచ్చి ఆ చెయ్యి మీద ఒక ఇసుక సంచీ పెట్టి వెళ్లింది.

ఇంటి దగ్గర సాధన సంగతి అడక్కండి. కొడుకుకి ఉన్నట్టుండి సాయంత్రాలు మీటింగులు ఎక్కువయ్యాయి. కోడలు కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకి కొన్ని పాయింట్లు నొక్కకూడదని మేడమ్ చెప్పిన మాటని ఆ అమ్మాయి అన్ని పాయింట్లకీ వర్తింపజేసుకుని హాయిగా బతికింది. చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది మాత్రం తలనొప్పిగా ఉందని పొరపాటున నోరు జారాడు. మాస్టారు వెంటనే అతని చెయ్యి లాక్కుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పట్టుకుని పిండారు.

"బావగారూ, చెయ్యి! బావగారూ!"

"చెయ్యి సంగతి సరే, తలనొప్పెలా ఉంది?"

"తలెక్కడుందో కూడా తెలియట్లేదు బావగారూ!"

"చూశావా, పోయింది!" అన్నారు మాస్టారు. బావమరిది ఆ సాయంత్రమే ఏదో అర్జంటు పని తగిలిందని బ్యాగు సర్దుకున్నాడు.

ఇక మిగిలింది భార్య. ఆవిడ విషయంలో మాస్టారికి అసలు అవకాశమే చిక్కలేదు. చుక్కల బొమ్మ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లేసరికి ఆవిడ అటు తిరిగి పడుకుని సన్నగా గురక పెడుతూ ఉండేది. "అదృష్టవంతురాలు! నేను అడుగు పెడితే చాలు, నిద్ర ముంచుకొచ్చేస్తుంది" అని తరగతిలో మురిసిపోతూ చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడు పార్లరావిడ ఏదో అనబోయి, తువ్వాలు మడత పెట్టుకుంటూ ఊరుకుంది.

ఇలా ఉండగా మాస్టారికి విద్య అబ్బింది. ఎలా అబ్బిందంటే, గొంతు పోయింది. జలుబు చేసి గొంతు పూర్తిగా మూసుకుపోయింది. ఆజ్ఞలివ్వడానికి మాట లేదు. చచ్చినట్టు నోరు మూసుకుని చాప మీద కూర్చుని, పార్లరావిడ పొట్ట మీద ఎడం చెయ్యి పెట్టారు. ఆయన అరుపుల అడ్డు లేకపోయేసరికి ఆ చేతికి మొదటిసారి ఏదో తెలిసింది. పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఎవరూ చెప్పకుండానే! దిగినప్పుడు కుడి బొటనవేలితో వాలారు. లేచినప్పుడు తగ్గారు. కాసేపటికి ఆ లేవడం దిగడం నెమ్మదించింది, మధ్యలో చిన్న విరామం వచ్చింది, పార్లరావిడ నోరు తెరుచుకుంది.

మేడమ్ దగ్గరకొచ్చి, "ఇప్పుడు మణికట్టు పట్టుకుని చెయ్యి ఎత్తండి" అంది.

ఎత్తారు. చెయ్యి తడిసిన బట్టల మూటంత బరువుంది.

"అదీ నిద్ర. నిద్రపోయిన చెయ్యి మీకు సాయం చెయ్యదు. మేలుకున్న చెయ్యి మీరు ఎత్తకముందే లేస్తుంది, అందులో మర్యాదస్తుల చేతులు మరీనూ. గురకని నమ్మకండి, కళ్లని నమ్మకండి, చేతిని నమ్మండి" అంది మేడమ్. ఇదే మాట ఆవిడ కూడా కాస్త వినుంటే బాగుండేది. సరే, ఆ సంగతి తర్వాత.

మాస్టారు ఆ బరువు చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన పక్కనుండగా ఒక మనిషి వీపు సర్దుకోకుండా, నోరు తెరుచుకుని, లోకం మర్చిపోయింది. ఇలాంటిది ఆయన జీవితంలో జరగలేదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. జలుబు మీద నెట్టేసి ముక్కు తుడుచుకున్నారు.

గొంతు బాగయ్యాక కూడా మాస్టారు తరగతిలో నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఇంట్లో కాదు లెండి, తరగతిలోనే. చేతులు మాత్రం రోజురోజుకీ తెలివిమీరాయి. ఎవరు నిజంగా ఒళ్లు వదిలేశారో, ఎవరు మొహమాటానికి కళ్లు మూసుకున్నారో పట్టేస్తున్నారు. తమ అందరిలో ఈయనే మొనగాడని తోటివాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఆయన మనసులో తలుపు మీద పేరు రాయించడం కూడా అయిపోయింది. తెల్ల అక్షరాలా, పసుపు అక్షరాలా అన్నదే తేలలేదు.

అప్పుడు మేడమ్ ఆఖరి పరీక్ష సంగతి చెప్పింది. ఆ కేంద్రంలో అదొక ఆచారం. ప్రశ్నలుండవు, చుక్కల అంకెలు అప్పజెప్పడం ఉండదు. ఎవరింటి మనిషిని వాళ్లు తీసుకురావాలి, చాప మీద పడుకోబెట్టాలి, వైద్యం చేసి నిద్రపుచ్చాలి. నిద్రపోతే పాసు, లేకపోతే మళ్లీ మొదటి నుంచి.

"బయటివాళ్లు మర్యాదకి నిద్రపోయినట్టు నటిస్తారు. ఇంట్లోవాళ్లకి మీ దగ్గర ఆ అవసరం ఉండదు" అని వివరించింది మేడమ్. ఆవిడకి పెళ్లి కాలేదు.

"అయితే నేను పాసైపోయినట్టే మేడమ్!" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడత పెడుతుంటే ఎదురుగా నిలబడ్డారు.

"ఇదిగో, ఆదివారం నువ్వు నాతో రావాలి. పరీక్ష."

"నేనేం రాయాలండీ?"

"రాసేదేం లేదు. పడుకోవాలి, నిద్రపోవాలి. నువ్వు నిద్రపోకపోతే నేను ఫెయిలు."

ఆవిడ తువ్వాలు మడత పూర్తి చేసింది. "ఫెయిలైతే ఏమవుతుంది?"

"గది లేదు, ఏం లేదు. ఇంట్లోనే కూర్చుంటాను."

"పొద్దస్తమానమూనా?"

"మరెక్కడికి పోతాను?"

"అయితే నిద్రపోతాను లెండి" అంది ఆవిడ.

ఆదివారం దాకా మాస్టారు ఆవిడకి నిద్ర నేర్పారు. ఎలా పడుకోవాలి, కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలి, దవడ ఎలా వదిలెయ్యాలి, మధ్యలో దగ్గొస్తే ఏం చెయ్యాలి. "వదిలెయ్! పూర్తిగా వదిలెయ్! అదుగో బిగపట్టావు, వదలమన్నానా!" అన్న కేకలు పక్కింటికి వినిపించాయి. ఇంట్లో ఏం గొడవ జరుగుతోందో అని పక్కింటావిడ పంచదార వంకతో వచ్చి చూసి వెళ్లింది.

పరీక్ష రోజు గదంతా బంధువులతో నిండిపోయింది. ముందుగా ఒక రిటైరైన క్యాషియర్ తన భార్యని పడుకోబెట్టాడు. ఆవిడ పడుకున్నది మొదలు లేచేదాకా ఆయన తమ్ముడి పెళ్లాం గురించి మాట్లాడుతూనే ఉంది. మధ్యలో క్యాషియరుకే కునుకు పట్టింది కానీ, దానికి మార్కులు లేవు. తర్వాత పార్లరావిడ తన అత్తగారిని పడుకోబెట్టింది. ముసలావిడ రెండు నిమిషాల్లో గదంతా దద్దరిల్లేలా నిద్రపోయి, లేపితే తిట్టింది. చప్పట్లు మోగాయి.

మూడోది మాస్టారి వంతు. ఆయన భార్య చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి వచ్చి, చెప్పినట్టే వెల్లకిలా పడుకుని, చెప్పినంత ఎడంగానే కాళ్లు పెట్టింది. మాస్టారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇంట్లో ఎంత అరిచినా ఇక్కడ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఎడం చెయ్యి ఆవిడ పొట్ట మీద పెట్టి, కుడి బొటనవేలితో భుజం దగ్గర మొదలుపెట్టారు.

వెంటనే సన్నగా గురక మొదలైంది.

గుమ్మంలో నిలబడ్డ మేడమ్ అరమోడ్పు కళ్లతో తలాడించింది. "ఆహా! చూడండి, అందరూ చూడండి. ఇంత త్వరగా, ఇంత లోతుగా నిద్రపోయిన ఒళ్లు ఈ గదిలో నేను చూడలేదు" అంది. క్యాషియర్ అసూయగా చూశాడు. మాస్టారి ఛాతీ ఉప్పొంగింది. తలుపు మీద తెల్ల అక్షరాలే ఖాయం చేసేశారు.

కానీ ఆ ఎడం చెయ్యి ఒకటుంది కదా. నెలల తరబడి ఊరికే ఉండటం నేర్చుకున్న చెయ్యి. అది వింటోంది. గురక గొంతులోనే ఉంది, కిందికి దిగడం లేదు. పొట్ట బల్లలా బిగుసుకుని ఉంది. బొటనవేలు దగ్గరకొస్తే ఊపిరి ఆగిపోతోంది. వేలు తీస్తే మళ్లీ వస్తోంది. వేలు మెల్లగా ముందుకి తీసుకెళ్లారు. ఆగింది. తీశారు. వచ్చింది. పొరపాటు పడుతున్నానేమోనని మణికట్టు పట్టుకున్నారు.

ఎత్తబోయేలోపే చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఏ బరువూ లేదు. ఆయనకి శ్రమ లేకుండా, ఎంత కావాలో అంత ఎత్తుకి లేచి, మర్యాదగా ఆగింది.

మాస్టారు ఆ చేతిని పట్టుకుని గురక విన్నారు. ఆ గురక ఆయనకి బాగా తెలిసిందే. గదిలోకి అడుగు పెట్టగానే వినబడే గురక. పెళ్లైన కొత్తల్లోనూ వినబడింది. కొడుకు పుట్టాకా, ఆ కొడుకుకి పెళ్లయ్యాకా వినబడుతూనే ఉంది. అదృష్టవంతురాలని ఆయన ఊరంతా చెప్పుకు తిరిగిన గురక ఇదే. ఊళ్లో అందరి ఒళ్లూ పసిగట్టే ఈ వేళ్లకి పక్కలో మనిషి మేలుకుని ఉందన్న సంగతి ఇన్నేళ్లూ అందలేదు. ఆయన అంత సిగ్గుపడిన క్షణం అంతకుముందు లేదు.

ఊరుకుంటే పాసు. గది, తలుపు, పేరు. ఊరుకోవడం ఇప్పుడాయనకి వచ్చు కూడాను.

"మేడమ్" అన్నారు. "నిద్రపోలేదు."

"ఎవరు?"

"మా ఆవిడ."

మేడమ్ కళ్లు పూర్తిగా తెరిచింది. "నేను చూస్తున్నాను కదా మాస్టారూ. నిద్రపోయింది."

"చెయ్యి సాయం చేస్తోంది మేడమ్."

"గుమ్మంలోంచి చూసి చెబుతున్నాను, నిద్రపోయింది!"

చాప మీద గురక ఆగింది. ఆవిడ కళ్లు తెరిచి, పైకప్పు వంక చూస్తూనే, "ఇన్నేళ్లకి కనిపెట్టారన్నమాట" అంది.

పార్లరావిడ తల దించుకుంది. మేడమ్ మాత్రం తొణకలేదు. "చూశారా? లోతైన నిద్రలోంచి ఉన్నట్టుండి లేస్తే మనుషులు ఇలాగే సంబంధం లేకుండా మాట్లాడతారు. అది మంచి లక్షణం" అని తరగతికి వివరించింది. మాస్టారి భార్య లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంటూ ఉండగానే, ఆవిడ గాఢంగా నిద్రపోయినట్టు తీర్మానమైపోయింది. మాస్టారికి అందరికన్నా ఎక్కువ మార్కులు పడ్డాయి. చప్పట్ల మధ్య మేడమ్ సర్టిఫికెట్ చేతికిచ్చింది. నాకొద్దు అనేసి వచ్చేసి ఉంటే ఈ కథ ఇంకా గొప్పగా ఉండేది. మాస్టారు అంతటి మనిషి కాదు. రెండు చేతులా తీసుకున్నారు.

బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఇవతల ఆయన కూర్చున్నారు. సర్టిఫికెట్ చుట్ట ఆయన మోకాళ్ల మధ్య ఉంది. గొంతు తగ్గించి అడిగారు.

"నేనంటే అంత భయమా?"

"భయమా? అదెప్పుడో పోయిందండీ" అంది ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ. "అలవాటు మిగిలింది."

"నేనెప్పుడైనా కొట్టానా?"

"లేదు. అదొక్కటే చెప్పుకోడానికుంది మీకు" అంది.

"మరి ఇవాళ ఇంత కష్టపడి ఎందుకు నటించావు?"

"మీరు పాసవ్వాలని. రోజూ కాసేపు మీరు బయటికి వెళ్తే, మధ్యాహ్నం ఓ గంట పడుకుందామని ఎన్నాళ్లనుంచో నాకు కోరిక."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కావలసిన వస్తువేదో చెప్పినట్టు చెప్పింది. అందుకే మాస్టారికి అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సంజాయిషీ చెబుదామని నాలుగైదు వాక్యాలు కూడగట్టుకుని పక్కకి తిరిగారు. ఆవిడ తల కిటికీ చట్రానికి ఆనుకుని ఉంది.

మొదట నమ్మలేదు. ఇది కూడా అదేననుకున్నారు. తర్వాత చూశారు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. గురక లేదు. పొట్ట దగ్గర చీర లేస్తూ దిగుతూ ఉంది, మధ్యలో విరామంతో. ఒక చెయ్యి ఒళ్లోంచి జారి, వేళ్లు విచ్చుకుని, సీటు మీద వెల్లకిలా పడి ఉంది. బస్సు గుంతలో పడినప్పుడు ఆ చెయ్యి ఎటు విసిరితే అటు వెళ్లింది. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో మాస్టారు అప్పుడు చూశారు. బిగువంతా పోయాక అది ఎవరో ఇంకా వయసులో ఉన్న మనిషి ముఖంలా ఉంది.

వాళ్ల స్టాపు వచ్చింది. లేపడానికి ఆయన చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. సగంలో ఆగింది. ఆ చేతిని వెనక్కి తెచ్చి, రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు. జనం దిగారు, ఎక్కారు. బస్సు కదిలింది. తెలిసిన వీధులు అయిపోయి, తెలియని వీధులు వచ్చాయి. కండక్టరు వచ్చి, "మీ స్టాపు దాటిపోయింది కదండీ" అన్నాడు. మాస్టారు వేలు పెదవుల మీద పెట్టి, ఇంకో రెండు టికెట్లు ఇమ్మని సైగ చేశారు.

ఆఖరి స్టాపులో ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఆవిడకి మెలకువ వచ్చింది. బయట ఖాళీ బస్సులు, ఎరగని గోడలు కనబడ్డాయి.

"ఎక్కడున్నామండీ? మన స్టాపేది?"

"దాటిపోయింది."

"దాటిపోతే లేపరేం? నోరు లేదా మీకు?"

"నిద్రపోతున్నావు" అన్నారు మాస్టారు.

ఆవిడ చెంప తుడుచుకుంది. తను నిజంగానే నిద్రపోయిన సంగతి అప్పుడే తెలిసినట్టు, కొంచెం భయంగా, ముందు ఆయన చేతులు ఎక్కడున్నాయో చూసింది.